పేమెంట్స్, ఫ్రాడ్ విభాగాల్లో పనిచేసేవాళ్లకు ఈబీ-1ఏ: అసలు ఏం చూపించాలి?

షార్లెట్_తెలుగు

అందరికీ నమస్తే. పద్నాలుగేళ్లుగా బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాను. మొదట హైదరాబాద్‌లో, తర్వాత ఇక్కడ నార్త్ కరోలినాలో. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డ్ కేటగిరీ ఈబీ-2లో ఐ-140 (గ్రీన్ కార్డ్ పిటిషన్) అప్రూవ్ అయింది, ప్రయారిటీ డేట్ (క్యూలో మన స్థానాన్ని చెప్పే తేదీ) 2017 మార్చి. ఆ లైన్‌లో నా వంతు ఎప్పుడొస్తుందో లెక్కేసుకునే ఓపిక ఇక లేదు. అందుకే అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకిచ్చే గ్రీన్ కార్డ్ కేటగిరీ ఈబీ-1ఏ గురించి గట్టిగా ఆలోచిస్తున్నాను.

చెప్పుకోదగ్గ పనులు రెండు చేశాను. అమెరికా ఫెడరల్ రిజర్వ్ నడిపే పేమెంట్ నెట్‌వర్క్ ఫెడ్‌వైర్ 2025 జులై 14న ఐఎస్ఓ 20022 అనే మెసేజ్ ఫార్మాట్‌కి మారింది కదా, అప్పుడు మా బ్యాంకు వైపు మెసేజ్‌ల మార్పిడి డిజైన్ నాదే. రెండోది శాంక్షన్స్ స్క్రీనింగ్, అంటే డబ్బు పంపేవాళ్ల, అందుకునేవాళ్ల పేర్లను నిషేధిత జాబితాలతో పోల్చి చూడటం. మన పేర్లలో ఇంటిపేరు ఇనిషియల్‌గా ముందు ఉంటుంది, అరబిక్ పేర్లకు రకరకాల స్పెల్లింగులు ఉంటాయి. దానివల్ల ఏ పాపం ఎరుగని వాళ్ల డబ్బు మధ్యలో ఆగిపోతూ ఉంటుంది. అలా అనవసరంగా ఆగడాన్ని తగ్గించే మ్యాచింగ్ పద్ధతి ఒకటి నేను తయారుచేశాను. ఇప్పుడు బ్యాంకులో అన్ని విభాగాలూ దాన్నే వాడుతున్నాయి.

ఇబ్బంది ఏమిటంటే ఇదంతా గోప్యం. కోడ్ చూపించలేను, డాక్యుమెంట్లు బయటికి తేలేను, పేపర్ రాస్తానంటే లీగల్ వాళ్లు ఒప్పుకోరు. మధ్యలో ఒక కన్సల్టెన్సీ ఫోన్ చేసి పేపర్లు, అవార్డు, మెంబర్‌షిప్, ఇంటర్వ్యూ అన్నీ కలిపి ప్యాకేజీగా ఇస్తామన్నారు. నాకు అది ఇష్టం లేదు. నిజంగా చేసిన పనితోనే వెళ్లాలంటే దారేమిటో తెలిసినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు77

మంచి ప్రశ్న అన్నా. ముందు మిగతావాళ్ల కోసం కొంచెం నేపథ్యం చెబుతాను.

ఈబీ-1ఏకి స్పాన్సర్ అక్కర్లేదు, పర్మ్ (కంపెనీ లేబర్ శాఖ నుంచి తెచ్చే సర్టిఫికేషన్) అక్కర్లేదు, మన పిటిషన్ మనమే వేసుకోవచ్చు. కానీ ఇండియాలో పుట్టినవాళ్లకు అసలు లాభం వేరే చోట ఉంది. పాత ఈబీ-2 ఐ-140 ప్రయారిటీ డేట్‌ని కొత్త ఈబీ-1 ఐ-140కి తెచ్చుకోవచ్చు. ఏ డేట్ వరకు వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో 2025 మధ్యలో ఇండియా ఈబీ-2 2013 జనవరి దగ్గర ఉండేది, ఈబీ-1 2022 ఫిబ్రవరి దగ్గర ఉండేది. అంటే 2017 మార్చి డేట్ ఉన్న మీలాంటివాళ్లకు ఈబీ-1ఏ అప్రూవ్ అయితే వీసా నంబర్ కోసం ఎదురుచూపే ఉండదు. పాత కంపెనీ ఆ ఐ-140ని వెనక్కి తీసుకున్నా డేట్ మీదే. మోసం, తప్పుడు సమాచారం, పెద్ద పొరపాటు లాంటి కారణాలతో ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ రద్దు చేస్తేనే పోతుంది.

పరీక్ష రెండు దశల్లో ఉంటుంది. రూల్‌లో ఉన్న పది ప్రమాణాల్లో కనీసం మూడు చూపించాలి. ఆ తర్వాత అన్నీ కలిపి చూసి, ఈ మనిషి తన రంగంలో పైకి చేరిన కొద్దిమందిలో ఒకరేనా, పేరు నిలకడగా ఉందా అని తేలుస్తారు. 2010లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు ఇచ్చిన కజారియన్ తీర్పు తర్వాత ఈ పద్ధతి వచ్చింది. మనవాళ్ల కేసులు ఎక్కువగా కూలేది రెండో దశలోనే. మూడు టిక్కులు పడ్డాయి కదా అని సంబరపడితే సరిపోదు.

పల్నాడు_కుర్రాడు

నాదొక డౌట్. నాకు ఆరేళ్ల అనుభవమే. మా రూమ్మేట్ పేపర్లు వేయించుకుని, ఒక అవార్డు తీసుకుని, ప్రీమియంలో (అదనపు ఫీజు కడితే త్వరగా చూసే పద్ధతి) వేసి అప్రూవల్ తెచ్చుకున్నాడు. అందరూ అదే చేస్తున్నప్పుడు మనం మాత్రం ఎందుకు ఆగాలి? అవార్డుకి ఫీజు కట్టడం తప్పేమీ కాదు కదా, చాలా పోటీలకు ఎంట్రీ ఫీజు ఉంటుంది.

గోదారిగట్టు

తమ్ముడూ, కోపం తెచ్చుకోకుండా చదువు. నేను ఫ్రాడ్ అనలిటిక్స్‌లో ఉన్నాను, ఈ దారిలోనే గ్రీన్ కార్డ్ వచ్చింది.

ఎంట్రీ ఫీజు ఉండటం తప్పు కాదు. ఎవరు పోటీ పడ్డారు, ఎవరు నిర్ణయించారు, ఏ కొలమానంతో ఇచ్చారు అన్నదే ముఖ్యం. డబ్బు కట్టిన ప్రతి ఒక్కరికీ గోల్డో సిల్వరో వచ్చే అవార్డుకి ఈ మూడింటికీ జవాబు ఉండదు. ఆఫీసర్ వెబ్‌సైట్ తెరిచి విజేతల జాబితా చూస్తే అక్కడికక్కడే తెలిసిపోతుంది.

నువ్వు రాయని పేపర్ మీద నీ పేరు పెట్టుకోవడం ఇంకా పెద్ద విషయం. ఐ-140 మీద సంతకం పెట్టేది నువ్వు, అబద్ధమైతే శిక్షకు సిద్ధమని ఒప్పుకుంటూ పెట్టే సంతకం అది. కావాలని తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే ఇమిగ్రేషన్ చట్టంలో శాశ్వతంగా అనర్హత పడుతుంది. రేపు ఇంకో కేటగిరీలో వేసుకున్నా, పెళ్లి ద్వారా వేసుకున్నా అది వెంటే ఉంటుంది. 1988 నాటి మ్యాటర్ ఆఫ్ హో అనే నిర్ణయాన్ని ఆఫీసర్లు తరచూ ఎత్తి చూపుతారు. ఒక ఆధారం మీద అనుమానం వస్తే మిగతా ఆధారాల మీద నమ్మకం కూడా సడలుతుందని దాని సారం. అంటే కొన్న పేపర్ ఒక్కటి ఉంటే నువ్వు కష్టపడి చేసిన నిజమైన పని కూడా దానితోపాటు మునిగిపోతుంది.

అప్రూవల్ వచ్చింది కాబట్టి అయిపోయిందని కూడా అనుకోకు. అప్రూవ్ అయిన ఐ-140ని తర్వాత రద్దు చేసే అధికారం వాళ్లకుంది, ముందు నోటీసు ఇచ్చి చేస్తారు. మీ రూమ్మేట్ ఎప్పటికీ ఆ భయంతోనే బతకాలి. మనవాళ్లు ఇలా దొంగదారుల్లో వెళ్తున్నారన్న పేరు మన సమాజం మొత్తానికి పడుతోంది. నిజాయితీగా వేసుకునే పిల్లల ఫైళ్లను కూడా అదే అనుమానంతో చూస్తారు. నాకు బాధ కలిగించేది అదే.

పల్నాడు_కుర్రాడు

శాశ్వత అనర్హత సంగతి నాకు ఎవరూ చెప్పలేదు అన్నా. కన్సల్టెన్సీవాళ్లు అసలు ఆ మాటే ఎత్తలేదు.

గోదారిగట్టు

వాళ్లు ఎత్తరు. సంతకం వాళ్లది కాదు కదా.

ఇప్పుడు షార్లెట్ గారి ప్రశ్నకు వస్తాను. ఫిన్‌టెక్ వాళ్లకు అన్నిటికన్నా గట్టిది, అన్నిటికన్నా కష్టమైనది, "రంగానికి ఎంతో ప్రాధాన్యం ఉన్న సొంత ఆవిష్కరణ" అనే ప్రమాణం. ఇందులో రెండు గోడలు దాటాలి. మొదటిది, ఆ పని మీదేనా, టీమ్‌దా? రెండోది, దాని ప్రభావం మీ కంపెనీ గోడలు దాటిందా?

మీ ఫెడ్‌వైర్ పనినే చూడండి. ఆ రోజు ఆ నెట్‌వర్క్‌లో ఉన్న బ్యాంకులన్నీ మారాల్సిందే. కాబట్టి "నేను మైగ్రేషన్ చేశాను" అంటే వేల మంది ఇంజినీర్లు అదే మాట అనగలరు. అది ప్రాజెక్టు ప్రాధాన్యం, మీ ప్రాధాన్యం కాదు. ఆ మార్పిడిలో అందరికీ ఎదురైన చిక్కు ఏదైనా మీరు కొత్తగా విప్పి, వెండర్ తన ప్రొడక్ట్‌లో దాన్ని చేర్చుకున్నా, ఇతర బ్యాంకులు తీసుకున్నా కథ మారుతుంది. లేదంటే దాన్ని కీలక పాత్ర అనే ఇంకో ప్రమాణం కిందకు పెట్టండి, అక్కడ బాగా పనికొస్తుంది.

నా దృష్టిలో మీ బంగారం రెండోది, పేర్ల మ్యాచింగ్. ఆ సమస్య ప్రతి బ్యాంకుకీ ఉంది. దానికి పేటెంట్ అప్లికేషన్ వేశారా? బ్యాంకు పేరు మీద వేసినా ఇన్వెంటర్‌గా మీ పేరుంటే చాలు. అప్లికేషన్ పబ్లిష్ అయిందంటే ఆ వివరాలు ఇక బహిరంగమే కాబట్టి గోప్యత సమస్య చాలావరకు తీరుతుంది. ఒక హెచ్చరిక: పేటెంట్ ఉన్నంత మాత్రాన ప్రాధాన్యం నిరూపణ కాదు. దాన్ని ఎవరైనా వాడుతున్నారా, లైసెన్స్ తీసుకున్నారా, తర్వాతి పేటెంట్లు దాన్ని ఉదహరించాయా అన్నది చూపించాలి.

షార్లెట్_తెలుగు

పేటెంట్ అప్లికేషన్ ఉందండి! బ్యాంకు వేసింది, ఇద్దరు ఇన్వెంటర్లలో నేనొకణ్ని, పబ్లిష్ కూడా అయింది. దాన్ని ఈ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. స్క్రీనింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక వెండర్‌తో మా పద్ధతి గురించి చర్చలు జరిగాయి, వాళ్ల తర్వాతి వెర్షన్‌లో దానికి దగ్గరగా ఉండే ఫీచర్ వచ్చింది. అది ఆధారం అవుతుందా?

గోదారిగట్టు

"దగ్గరగా ఉండే ఫీచర్" అని మీరంటే కాదు. ఆ వెండర్ వైపు నుంచి ప్రొడక్ట్ బాధ్యుడు ఒకరు తన పేరుతో, తన మాటల్లో "ఈ ఆలోచన ఫలానా వ్యక్తి పని నుంచి తీసుకున్నాం" అని రాసిస్తే అవుతుంది. వాళ్లకు అలా రాయడం ఇష్టం లేకపోతే బలవంతం చేయకండి, ఆ విషయాన్ని పిటిషన్‌లో తీసుకురాకండి. రుజువు చేయలేనిది రాస్తే పక్కనున్న గట్టి విషయం కూడా పలచబడుతుంది.

విశాఖ_తీరం

రిఫరెన్స్ లెటర్ల గురించి ఒక మాట చేర్చనా? నేను లాయర్‌ని కాను, కానీ మా ఆఫీసులో చాలామంది ఫైళ్లు చదివాను. ఏడెనిమిది లెటర్లు ఉంటాయి, అన్నీ ఒకే చేతి రాత. "అసాధారణ", "విప్లవాత్మక" అన్న మాటలు ప్రతి పేరాలో. ఒక లెటర్‌లోని వాక్యం ఇంకో లెటర్‌లో అక్షరం పొల్లు పోకుండా కనిపిస్తుంది. అలాంటివి పది ఉన్నా విలువ ఉండదు.

నాకు నచ్చిన ఒక లెటర్ ఒకటిన్నర పేజీయే ఉంది. రాసినాయన దరఖాస్తుదారుని ఎప్పుడూ కలవలేదు. ఇంకో సంస్థలో రిస్క్ హెడ్. ఒక కాన్ఫరెన్స్‌లో ఆమె ప్రసంగం విన్నారు, తన టీమ్‌తో ఆ పద్ధతిని పరీక్షించారు, ఏం తేడా వచ్చిందో రాశారు. ఏ నెలలో మొదలుపెట్టారు, పాత పద్ధతిలో ఏం ఇబ్బంది ఉండేది, ఇప్పుడు ఎక్కడ వాడుతున్నారు, అంతే. పొగడ్త ఒక్కటీ లేదు. మీతో పనిచేసినవాళ్ల లెటర్లు మీ పాత్రను చెబుతాయి, మీతో పనిచేయనివాళ్ల లెటర్లు రంగం మీద మీ ప్రభావాన్ని చెబుతాయి. రెండు రకాలూ కావాలి.

ఎడిసన్_అమ్మ

నా సంగతి వేరు. న్యూజెర్సీలో కార్డ్ పేమెంట్స్ కంపెనీలో ఆర్కిటెక్ట్‌ని. మా పెద్దమ్మాయికి 17 దాటాయి, నాలుగేళ్లలోపు 21 వచ్చేస్తాయి, ఆ తర్వాత నాతోపాటు తనకు గ్రీన్ కార్డ్ రాదు. నా డేట్ 2016, ఈబీ-2. తను హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంది. ఇక్కడే ఎల్‌కేజీ నుంచి చదివిన పిల్ల, రేపు స్టూడెంట్ వీసా మీదకు మారాలంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఈబీ-1ఏకి ప్రీమియం వేస్తే తన వయసు విషయంలో ఏమైనా ఉపయోగమా? టెన్షన్‌గా ఉంది.

ఓరుగల్లు77

అక్కా, ధైర్యంగా ఉండండి, మీకు టైమ్ ఉంది.

పిల్లల వయసును సీఎస్‌పీఏ అనే చట్టం ప్రకారం లెక్కేస్తారు. వీసా నంబర్ అందుబాటులోకి వచ్చిన రోజు, ఐ-140 అప్రూవ్ అయిన రోజు, ఈ రెండిట్లో ఏది తర్వాతదో ఆ రోజున ఉన్న వయసు తీసుకుంటారు. అందులోంచి ఐ-140 పెండింగ్‌లో ఉన్న కాలాన్ని తీసేస్తారు. 2025 ఆగస్టు 15 నుంచి వేసే దరఖాస్తులకు నంబర్ అందుబాటు అంటే బులెటిన్‌లో గ్రీన్ కార్డ్ ఇవ్వగల తేదీలు చెప్పే ఫైనల్ యాక్షన్ డేట్స్ చార్టే లెక్క, దరఖాస్తు ముందే వేసుకోనిచ్చే రెండో చార్టు కాదు.

మీ డేట్ 2016. ఈబీ-1లో ఆ డేట్ కరెంట్‌గా (వంతు వచ్చినట్టుగా) ఉన్నంతకాలం, పెండింగ్ కాలం తీసేస్తారు కాబట్టి ఐ-140 వేసిన రోజు ఉన్న వయసే దాదాపు లెక్కలోకి వస్తుంది. కాబట్టి వయసు పరంగా ప్రీమియం పెద్దగా తేడా తేదు. మీరు ఎప్పుడు వేశారన్నదే తేడా తెస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, నంబర్ అందుబాటులోకి వచ్చాక ఏడాదిలోగా పాప ఐ-485 (గ్రీన్ కార్డ్ దరఖాస్తు) వేయాలి.

ప్రీమియం వేస్తే 15 పనిదినాల్లో జవాబు వస్తుంది. ఆ జవాబు అప్రూవలే కానక్కర్లేదు, ఆర్‌ఎఫ్‌ఈ (ఇంకా ఆధారాలు కావాలనే నోటీసు) కూడా కావచ్చు.

ఎడిసన్_అమ్మ

చాలా థాంక్స్ తమ్ముడూ. ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. అంటే కంగారుపడి సగం ఫైల్‌తో వేయడం కన్నా ఈ ఏడాది గట్టిగా తయారుచేసుకుని వేయడం మేలన్నమాట.

గోదారిగట్టు

అవునండీ. మళ్లీ వేసుకోవడానికి పరిమితి లేదు, కానీ ముందు వేసిన ఫైల్ వాళ్ల దగ్గర ఉంటుంది. మొదటిసారి చెప్పినదానికీ రెండోసారి చెప్పినదానికీ పొంతన లేకపోతే అడుగుతారు.

విశాఖ_తీరం

మిగతా ప్రమాణాల గురించి నాకు తెలిసింది చెబుతాను.

జడ్జింగ్ (ఇతరుల పనిని అంచనా వేయడం): పీర్ రివ్యూ, హ్యాకథాన్ జడ్జి, రెండూ చెల్లుతాయి. పిలుపు వచ్చిందని చూపిస్తే చాలదు, నిజంగా రివ్యూ చేశారని చూపించాలి. కానీ ఎవరైనా చేరిపోగల కాన్ఫరెన్స్‌కి రాశి పోసినట్టు రివ్యూలు చేస్తే మొదటి దశలో టిక్కు పడుతుంది, రెండో దశలో విలువుండదు. పేమెంట్స్ వాళ్లకు నేను చెప్పేది స్టాండర్డ్స్ కమిటీల వైపు చూడమని. అమెరికాలో ఫైనాన్షియల్ స్టాండర్డ్స్ చూసే ఎక్స్9 అనే సంస్థ ఉంది, ఐఎస్ఓలో ఆర్థిక సేవల కమిటీ టీసీ 68 ఉంది. మీ కంపెనీ మెంబర్ అయితే వర్కింగ్ గ్రూపులో కూర్చోవచ్చు. ఇతరుల ప్రతిపాదనలను పరిశీలించడం అక్కడ పనిలో భాగం, పైగా మీ రంగంలో నిజమైన పేరు అక్కడే వస్తుంది.

మెంబర్‌షిప్: ఇంజినీర్ల సంఘం ఐఈఈఈలో సీనియర్ మెంబర్ హోదాని చాలామంది పెడతారు. అది ప్రధానంగా అనుభవం మీద ఇచ్చే హోదా. యూఎస్‌సీఐఎస్ పాలసీ మాన్యువల్ ఉదాహరణగా చెప్పింది ఐఈఈఈ ఫెలో స్థాయిని. సీనియర్ మెంబర్ మీద ఆధారపడకండి.

మీ గురించి వచ్చిన వార్తలు: బ్యాంకు ప్రెస్ రిలీజ్ లెక్కలోకి రాదు. డబ్బిచ్చి వేయించుకున్న ఆర్టికల్ అస్సలు వద్దు.

షార్లెట్_తెలుగు

ఎక్కువ జీతం అనే ప్రమాణం సంగతి? బేస్, బోనస్ కలిపితే మా ఊళ్లో ఈ పనికి బాగానే ఎక్కువ. కీలక పాత్ర కూడా పెట్టాలనుకుంటున్నాను. కానీ లక్షల మంది ఉద్యోగులున్న బ్యాంకులో నేనెంత?

గోదారిగట్టు

జీతాన్ని మీ ఏరియాలో, మీ వృత్తిలో ఉన్నవాళ్లతో పోల్చాలి. లేబర్ స్టాటిస్టిక్స్ బ్యూరో ఇచ్చే గణాంకాలు వాడండి, డబ్ల్యూ-2లు (ఏడాది జీతం చూపే పత్రాలు) జతచేయండి. మాన్‌హాటన్ జీతాన్ని దేశం మొత్తం సగటుతో పోల్చి పెడితే వెంటనే పట్టుకుంటారు. వృత్తి కోడ్ కూడా నిజాయితీగా ఎంచుకోండి.

కీలక పాత్రకి మొత్తం బ్యాంకును భుజాన వేసుకోనక్కర్లేదు. పేరున్న విభాగంలో మీ పాత్ర కీలకమైనా చాలని పాలసీ మాన్యువల్ చెబుతోంది. ఆ విభాగం దేన్ని మోస్తోంది, మీ నిర్ణయం వల్ల ఏం మారింది, మీ పైవాళ్లు ఏ విషయాల్లో మీ మాట మీద ఆధారపడ్డారు, ఇవి దగ్గరనుంచి చూసినవాళ్లు వివరంగా రాయాలి. హోదా చిన్నదైనా పర్లేదు, పాత్రే ముఖ్యం. స్టార్టప్‌లలో ఉన్నవాళ్లకూ ఒక మాట: ఆ దశకు తగ్గట్టు వెంచర్ క్యాపిటల్ లాంటి చోట్ల నుంచి గణనీయమైన పెట్టుబడి వచ్చి ఉంటే, కంపెనీ పేరు ప్రతిష్ఠలకు దాన్ని ఆధారంగా చూస్తారు.

అంకెల విషయంలో గోప్యతతో గొడవ పడకండి. కంపెనీ లీగల్ వాళ్లకు లెటర్ డ్రాఫ్ట్ చూపించి, ఏ అంకె చెప్పవచ్చో వాళ్లనే అడగండి. ఖచ్చితమైన మొత్తం వద్దంటే శాతం చెప్పనిస్తారేమో చూడండి. వార్షిక నివేదికలో, షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి ఇచ్చిన పత్రాల్లో ఇప్పటికే బహిరంగంగా ఉన్నది నిశ్చింతగా వాడుకోవచ్చు. ఉద్యోగ ఒప్పందాన్ని ఉల్లంఘించి స్క్రీన్‌షాట్లు తీసి పెట్టవద్దు. ఉన్న ఉద్యోగమే పోయే పని అది.

పల్నాడు_కుర్రాడు

మరి నాలాంటివాడు ఇప్పుడేం చేయాలి? ఆరేళ్ల అనుభవంతో, చిన్న డేటా టీమ్‌లో ఉన్నాను. ఫెడరల్ రిజర్వ్ తక్షణ పేమెంట్ సేవ ఫెడ్‌నౌ వచ్చాక ఇన్‌స్టంట్ పేమెంట్ల మోసాలు చూసే పని నాది.

గోదారిగట్టు

నీ చేతిలో ఉన్నది మంచి రంగం తమ్ముడూ. ఫెడ్‌నౌ 2023 జులైలో మొదలైంది, ఇంకా కొత్తదే. డబ్బు క్షణాల్లో వెళ్లిపోతే వెనక్కి తేవడం కష్టం కాబట్టి, మోసాన్ని పంపే ముందే పట్టుకోవాలి. దానికి సరైన జవాబు ఎవరి దగ్గరా పూర్తిగా లేదు. 2016లో యూపీఐ వచ్చినప్పటి నుంచి ఇండియాలో ఇలాంటి మోసాల మీద ఎంతో అనుభవం పోగైంది. దాన్ని చదువు. కంపెనీ డేటా ముట్టుకోకుండా, కృత్రిమ డేటాతో ఒక ఓపెన్ సోర్స్ టూల్ మొదలుపెట్టు, దానికీ కంపెనీ అనుమతి ముందే తీసుకో. వేరే సంస్థలవాళ్లు వాడటం మొదలైతే దానంతటదే ఆధారం అవుతుంది. పరిశ్రమ కాన్ఫరెన్స్‌లో మాట్లాడు. రెండు మూడేళ్లు పడుతుంది. ఈలోపు కంపెనీతో పర్మ్ వేయించుకుని డేట్ సంపాదించు, ఆ డేట్ తర్వాత ఎలా పనికొస్తుందో ఓరుగల్లు గారు పైన చెప్పారు.

ఓరుగల్లు77

ఆర్‌ఎఫ్‌ఈ వస్తే భయపడొద్దు అని కూడా చెప్పాలి. జవాబుకి 84 రోజులు ఇస్తారు, పోస్టులో వస్తే ఇంకో మూడు రోజులు. ఆఫీసర్ ఏ ప్రమాణాన్ని ఒప్పుకున్నారో, దేన్ని ఒప్పుకోలేదో జాగ్రత్తగా చదవండి. అడగనిదానికి వంద పేజీలు పంపడం వల్ల ఉపయోగం లేదు. రుజువు స్థాయి "ఎక్కువ శాతం నిజమే అనిపించడం", 2010 నాటి మ్యాటర్ ఆఫ్ చవాతే అనే నిర్ణయంలో ఉన్నది అదే. అనుమానానికి తావే లేకుండా నిరూపించాల్సిన పనిలేదు.

ఇక్కడ పనిని కొనసాగిస్తారని చూపించే ప్రణాళిక కూడా పెట్టడం మరచిపోకండి. జాబ్ ఆఫర్ అక్కర్లేదు కానీ, ఇదే రంగంలో ఏం చేయబోతున్నారో రాయాలి.

షార్లెట్_తెలుగు

ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. పేటెంట్ అప్లికేషన్, పేర్ల మ్యాచింగ్ ముందు పెట్టి, ఫెడ్‌వైర్ పనిని కీలక పాత్ర కిందకు మారుస్తాను. ప్యాకేజీవాళ్లకు వద్దని చెప్పేశాను. ఒక్క చిక్కు మిగిలింది. ఆ మ్యాచింగ్ పని చూసిన డైరెక్టర్ ఇప్పుడు ఇంకో బ్యాంకులో ఉన్నారు. మా హెచ్‌ఆర్ అయితే ఉద్యోగ కాలం, హోదా తప్ప ఇంకేమీ రాసివ్వదు. ఆయన లెటర్ చెల్లుతుందా?

గోదారిగట్టు

చెల్లుతుంది. ఆయన వ్యక్తిగత హోదాలో రాయవచ్చు. అప్పటి పదవి, ఇప్పటి పదవి, మీరిద్దరూ కలిసి పనిచేసిన కాలం స్పష్టంగా ఉండాలి. బ్యాంకు తరఫున మాట్లాడుతున్నట్టు ఉండకూడదు, తాను కళ్లారా చూసింది మాత్రమే రాయాలి. హెచ్‌ఆర్ ఇచ్చిన చిన్న లెటర్‌ని పక్కన పెట్టండి, అప్పట్లో ఆయన మీ మేనేజర్ అని అది బలపరుస్తుంది. ఇద్దరు ఇన్వెంటర్లలో మీ భాగం ఏదో కూడా ఆయన చేతే రాయించండి, ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది. డ్రాఫ్ట్ అయ్యాక పేర్లు, బ్యాంకు వివరాలు తీసేసి ఇక్కడ పెట్టండి. ఈ వారాంతంలో కూర్చుని చదువుతాను.